గాదోల్: పెద్దవాడా, గొప్పవాడా?

(హీబ్రూ నేర్చుకుంటున్న ఒక చిన్న బృందం ముందు ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

వెనక బెంచీలవాళ్ళకి వినబడుతోందా? ఫ్యాను చప్పుడు అడ్డొస్తే చెప్పండి, కట్టేద్దాం. ఉక్కపోసినా ఫర్వాలేదు గానీ మాట సరిగ్గా వినబడకపోతే మాత్రం ఇవాళ కష్టం. ఎందుకంటే తేడా అంతా ఒక 'ఓ'కీ ఒక 'ఉ'కీ మధ్యే ఉంది.

నేను హీబ్రూ చదువుకునే రోజుల్లో సంగతి. మా మాస్టారు బోర్డు మీద ఐదు అక్షరాలు రాశారు. హే, గీమెల్, దాలెత్, లామెద్, మళ్ళీ హే. పైన గాని కింద గాని ఒక్క చుక్క లేదు. నన్ను లేపి చదవమన్నారు. నేను గట్టిగా "హగ్గెదుల్లా" అన్నాను. అంతకు ముందు వారమే మొదటి దినవృత్తాంతములు 29:11 బట్టీ పట్టాను మరి. దావీదు ముసలితనంలో చేసిన ప్రార్థన అది. "అర్థం?" అన్నారు. "మహాత్మ్యం" అన్నాను, మన తెలుగు బైబిల్లో అలాగే ఉంది కాబట్టి. ఆయన ఒక్క క్షణం ఆగి, "అయితే లాబాను పెద్ద కూతుర్ని మహాత్మ్యం అని పిలిచేవాళ్ళా నాయనా?" అన్నారు. [నవ్వులు]

ఆయన రాసింది ఆదికాండం 29:16లోని మాట. లాబానుకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దదాని పేరు లేయా, చిన్నదాని పేరు రాహేలు. ఆ 'పెద్దది' హీబ్రూలో 'హగ్గెదోలా'. దావీదు ప్రార్థనలోది 'హగ్గెదుల్లా'. చుక్కలు తీసేస్తే రెండూ అవే ఐదు అక్షరాలు. ఒకటి ఇంట్లో పెద్దపిల్ల, ఇంకొకటి దేవుడి మహాత్మ్యం. చదివేవాడికి తెలియాలి ఏది ఏదో.

హీబ్రూ రాతలో మొదట హల్లులే ఉండేవి. అచ్చులు చదివేవాడి నోట్లో ఉండేవి. క్రీ.శ. 7 నుంచి 10వ శతాబ్దాల దాకా గలిలయ సరస్సు ఒడ్డున తిబెరియలో మసోరెతులనే పండితులు కూర్చుని, తరతరాలుగా నోటితో వస్తున్న ఆ చదువుని చుక్కలుగా, గీతలుగా అక్షరాల చుట్టూ పెట్టారు. ఇవాళ మన చేతుల్లో ఉన్న అచ్చు ప్రతులకు ఎక్కువగా ఆధారం 1008లో రాసిన ఒక చేతిప్రతి. దాన్ని లెనిన్‌గ్రాడ్ ప్రతి అంటారు. యూదుల సమాజమందిరంలో చదివే గ్రంథపు చుట్టలో మాత్రం ఇవాళ్టికీ చుక్కలు పెట్టరు. కాబట్టి ఆ రోజు నాకు జరిగిన అవమానం పెద్దదేమీ కాదని నా మనసుకి సర్దిచెప్పుకుంటూ ఉంటాను.

ఇవాళ్టి మాట ఆ 'హగ్గెదోలా'లోదే. ముందున్న 'హ' ఇంగ్లిషు 'ది' లాంటిది. అది తీసేసి పుంలింగంలో అంటే, గాదోల్. హీబ్రూ బైబిల్లో ఐదు వందల సార్లకు పైనే వస్తుంది. ఏ నిఘంటువు తీసినా 'గొప్ప' అనే అర్థం కనిపిస్తుంది. తప్పని అనను. కానీ తెలుగువాళ్ళం కాబట్టి మన చేతిలో దానికన్నా మంచి మాట ఉంది. అది 'పెద్ద'.

ఆదికాండం మొదటి అధ్యాయం 16వ వచనం చూడండి, పాత అనువాదంలోనే. "రెండు గొప్ప జ్యోతులను" చేశాడు అని ఉంటుంది. వెంటనే పగటిని ఏలడానికి "పెద్ద జ్యోతి", రాత్రిని ఏలడానికి "చిన్న జ్యోతి" అని ఉంటుంది. ఒకే వాక్యం. మొదట గొప్ప, వెంటనే పెద్ద. హీబ్రూలో రెండుచోట్లా ఉన్నది గాదోలే. మొదటిది బహువచనం, గెదోలీమ్. అనువాదకుడు ఒక అడుగు గొప్ప మీద వేసి, 'చిన్న' పక్కన 'గొప్ప' ఇమడదని తెలిసి రెండో అడుగు పెద్ద మీద వేశాడు. పెద్దకి ఎదురుమాట చిన్న. గాదోల్‌కి ఎదురుమాట కాతాన్, అంటే చిన్న. గొప్పకి ఎదురుమాట ఏమిటో ఎవరైనా చెప్పండి? ... 'హీనం' అంటున్నారు అక్కడ. 'మామూలు' అంటున్నారు. చూశారా, ఒక్కొక్కరూ ఒక్కొక్కటి అంటున్నారు.

తెలుగులో పెద్ద అంటే ఎన్ని? పెద్ద బండ, పెద్ద కొడుకు, పెద్దమనిషి, పెద్దింటివాళ్ళు, పెద్ద పండగ, పెద్ద తప్పు. గాదోల్ కూడా ఇవన్నీ మోస్తుంది. ఏశావు ఇస్సాకుకి 'బెనో హగ్గాదోల్', పెద్ద కొడుకు. మధ్యధరా సముద్రం 'హయ్యామ్ హగ్గాదోల్', పెద్ద సముద్రం. ప్రధానయాజకుడు 'హక్కోహేన్ హగ్గాదోల్', అక్షరాలా పెద్ద యాజకుడు. రెండో రాజుల గ్రంథం నాలుగో అధ్యాయంలో ఎలీషాకి భోజనం పెట్టే షూనేము ఊరి ఆవిడ గుర్తుందా? మన బైబిల్లో "ఘనురాలైన స్త్రీ" అని ఉంటుంది. హీబ్రూలో 'ఇష్షా గెదోలా'. మా ఊళ్ళో అయితే 'పెద్దింటావిడ' అనేసి ఊరుకుంటారు. డాబా మీద గది కట్టించి, మంచం, బల్ల, కుర్చీ, దీపస్తంభం అమర్చి పెట్టగల స్తోమత ఉన్న మనిషి. 'ఘనురాలు' అనగానే ఆవిడ మెడలో దండ పడుతుంది. 'పెద్దింటావిడ' అంటే చేతిలో తాళాలగుత్తి కనిపిస్తుంది.

ఒక్క చోట జాగ్రత్త పడాలి. తెలుగులో మనిషిని పట్టుకుని 'పెద్దాయన' అంటే ముందు వయసే తడుతుంది. హీబ్రూలో ముసలితనానికి వేరే మాట ఉంది, 'జాకేన్'. గడ్డాన్ని 'జాకాన్' అంటారు, రెండూ ఒకే ధాతువు. రెండో సమూయేలు 19వ అధ్యాయంలో బర్జిల్లయి అనే ఆయన వస్తాడు. ఎనభై ఏళ్ళవాడు. దావీదు కొడుక్కి భయపడి పారిపోయినప్పుడు తిండీ తిప్పలూ చూసిన మనిషి. ఒకే వచనంలో ఆయన 'జాకేన్ మెఓద్' అనీ, 'గాదోల్ హూ మెఓద్' అనీ ఉంటుంది. బాగా ముసలివాడు, బాగా ఉన్నవాడు. ఒక్క తెలుగు మాట పెట్టి రెండూ అనేద్దామంటే కుదరదు అక్కడ.

ఇక వ్యాకరణం. భయపడకండి. ఇంగ్లిషు ద్వారా హీబ్రూ నేర్చుకునేవాళ్ళు పడే తిప్పలు మీకు సగం ఉండవు.

మొదటిది, పోలిక. ఇంగ్లిషులో ఒకదానికన్నా ఒకటి పెద్దదని చెప్పాలంటే విశేషణం రూపమే మారుతుంది. హీబ్రూలో మారదు. తెలుగులోనూ మారదు. పెద్ద ఎప్పుడూ పెద్దే. పక్కన 'కంటే' పెడతాం. హీబ్రూలో 'మిన్' పెడతారు. మిన్ అంటే అసలు 'నుంచి'. హిందీలో 'ఉస్‌సే బడా' అంటారే, ఆ 'సే' లాంటిది. యిత్రో మోషేతో అంటాడు, నిర్గమకాండం 18:11: గాదోల్ యెహోవా మిక్కోల్ హాఎలోహీమ్. దేవతలందరి కంటే యెహోవా పెద్ద. ఇక్కడ ఇంకొకటి గమనించండి. 'గాదోల్ యెహోవా' అన్నదాంట్లో క్రియ లేదు. ఇంగ్లిషువాడికి అక్కడ ఒక క్రియ కావాలి, లేకపోతే వాక్యం నిలబడదు. మనకి అక్కర్లేదు. 'మా అన్న పెద్దవాడు' అంటే వాక్యం అయిపోయింది. హీబ్రూలోనూ అంతే.

కయీను మాట కూడా ఇదే మూస. ఆదికాండం 4:13. గాదోల్ అవోనీ మిన్నెసో. "నా దోషశిక్ష నేను భరింపలేనంత గొప్పది" అని మన పాత బైబిలు. ఈ వాక్యంలో నాకు ఒక మాట చాలా ఇష్టం, ఒక మాట అస్సలు ఇష్టం లేదు. ఇష్టమైనది 'దోషశిక్ష'. ఎందుకంటే హీబ్రూ 'అవోన్'కి చేసిన తప్పు అనీ, దానికి పడే శిక్ష అనీ రెండు అర్థాలూ ఉన్నాయి. అనువాదకుడు ఏదో ఒకటి ఏరుకుని రెండోది పారేయకుండా రెంటినీ కలిపి ఒక సమాసం చేశాడు. ఎవరో గాని చేతులెత్తి దణ్ణం పెట్టాలి. ఇష్టం లేనిది 'గొప్పది'. శిక్ష గొప్పదేమిటండీ? [నవ్వులు] మోయడానికి పెద్దదైపోయింది, అంతే ఆయన గోడు.

రెండోది లింగం. గాదోల్ పుంలింగం, గెదోలా స్త్రీలింగం, గెదోలీమ్, గెదోలోత్ వాటి బహువచనాలు. చివర ప్రత్యయం చేరగానే ఊనిక చివరికి జరుగుతుంది. దాంతో మొదటి 'గా' బలం పోయి 'గె' అయిపోతుంది. హీబ్రూలో నపుంసకలింగం లేదు. మరి 'పెద్ద పనులు', 'పెద్ద సంగతులు' అని ఊరికే అనాలంటే? స్త్రీలింగ బహువచనం వాడేస్తారు, గెదోలోత్. యిర్మీయా 45:5లో దేవుడు బారూకుతో అంటాడు: నీకోసం గెదోలోత్ వెతుక్కుంటున్నావా, వెతుక్కోకు. దేశం కూలిపోతోంటే ఇతనికి తన సంగతి పట్టుకుంది. ఇక తెలుగు చూడండి, తమాషాగా ఉంటుంది. మనకి ఏకవచనంలో ఆడవాళ్ళకీ వస్తువులకీ కలిపి 'అది'. 'మా పెద్దది ఇంజినీరింగ్ చదువుతోంది' అంటాం, 'ఆ గిన్నె కాదు, పెద్దది తే' అంటాం. వాళ్ళు వస్తువుల్ని ఆడవాళ్ళలో చేర్చారు, మనం ఆడవాళ్ళని వస్తువుల్లో చేర్చాం. ఎవరు చేసింది మర్యాదో మీరే తేల్చుకోండి. [నవ్వులు]

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. గాదోల్ ఒంటరి మాట కాదు. గీమెల్, దాలెత్, లామెద్ అనే మూడు హల్లుల ధాతువు నుంచి వచ్చిన కుటుంబంలో ఒక సభ్యుడు. ఆ కుటుంబంలో క్రియ గాదల్. దాని మొదటి అర్థం 'గొప్పవాడగు' అని కాదు, 'పెరుగు'. ఆదికాండం 21:8లో పసివాడు ఇస్సాకు: వయ్యిగ్దల్ హయ్యెలెద్. పిల్లాడు పెరిగాడు, పాలు మాన్పించారు. అదే ఇస్సాకు 26వ అధ్యాయానికి వచ్చేసరికి గెరారులో వ్యవసాయం చేసి నూరంతల పంట తీస్తాడు. 13వ వచనంలో ఈ ధాతువు మూడుసార్లు వస్తుంది: ఆ మనిషి పెరిగాడు, పెరుగుతూ పోయాడు, బాగా పెద్దవాడయ్యేదాకా పెరిగాడు. పసివాడు పెరగడానికీ, రైతు పెద్ద రైతు అవడానికీ ఒకటే క్రియ.

మోషే కథలో ఇది ఇంకా ముచ్చటగా ఉంటుంది. నిర్గమకాండం రెండో అధ్యాయం, 10వ వచనం: 'వయ్యిగ్దల్ హయ్యెలెద్', పిల్లాడు పెరిగాడు, తల్లి అతన్ని ఫరో కూతురికి అప్పగించింది. 11వ వచనం: 'వయ్యిగ్దల్ మోషె', మోషే పెరిగాడు, తనవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. ఇదేమిటి, ఇప్పుడేగా పెరిగాడని చెప్పింది, మళ్ళీ ఎందుకు? 11వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఉన్న రాషీ అనే వ్యాఖ్యాత ఈ ప్రశ్నే వేసి, ఇంకా పాత రబ్బీ ఒకరి జవాబు చెప్తాడు. మొదటిది ఎత్తు పెరగడం. రెండోది గెదుల్లా, పదవి. ఫరో అతన్ని తన ఇంటి మీద అధికారిగా పెట్టాడు. అంటే ఈ ధాతువులో ఎత్తు ఒకటి, పెద్దరికం ఒకటి రెండూ ఉన్నాయని వాళ్ళకి బాగా తెలుసు. నాకైతే ఇంకోలా అనిపిస్తుంది. రెండోసారి పెరిగిన వెంటనే మోషే చేసిన మొదటి పని బయటికి వెళ్ళి, తనవాళ్ళు మోస్తున్న బరువులు చూడడం. అది పదవి వచ్చినవాడు చేసే పనిలా కనబడదు. సరే, రాషీతో వాదించే స్థాయి నాకు లేదు గానీ.

ఇక్కడ తెలుగు వైపు ఒక్కసారి చూడండి. పెరుగు. పెంచు. పెద్ద. పెంపు. ఇవన్నీ మన భాషలో ఒకే ధాతువు బిడ్డలు. తమిళంలో 'పెరియ', 'పెరుకు' కూడా ఈ చుట్టాలే. మన పాత కావ్యాల్లో 'పెంపు' అంటే గొప్పతనం. అంటే హీబ్రూలో గాదల్, గిద్దెల్, గాదోల్, గెదుల్లా అని ఒక వరస ఉంటే, తెలుగులో పెరుగు, పెంచు, పెద్ద, పెంపు అని దానికి ఎదురుగా ఇంకో వరస నిలబడి ఉంది. రెండు భాషలకీ చుట్టరికం ఏమీ లేదు. ఎవరైనా వాట్సాప్‌లో హీబ్రూ తెలుగు నుంచి పుట్టిందని పంపితే దయచేసి నాకు ఫార్వర్డ్ చేయకండి. [నవ్వులు] పెరిగినదే పెద్దది అనే ఆలోచన ఇద్దరికీ విడివిడిగా వచ్చింది. అంతే.

క్రియ ఎలా మారుతుందో చూడండి. మనకి మునుగు-ముంచు, దిగు-దించు, వంగు-వంచు, పెరుగు-పెంచు. తనంతట తాను జరిగేదానికి 'గు', ఇంకొకరు చేసేదానికి 'ంచు'. హీబ్రూలో ఆ పనికి మధ్య హల్లుని ఒత్తుతారు. గాదల్, పెరిగాడు. గిద్దెల్, పెంచాడు. ద మీద ద. క్రియని ఇలా పోసే మూసకి పియేల్ అని పేరు. యెషయా గ్రంథం తెరవగానే రెండో వచనంలో ఉంది: బానీమ్ గిద్దల్తీ. పిల్లల్ని పెంచాను, వాళ్ళే నామీద తిరగబడ్డారు. ఇది ప్రవక్త గొంతులా వినబడదు నాకు. అరుగు మీద కూర్చున్న ఒక తండ్రి గొంతులా ఉంటుంది.

ఈ పియేలే అబ్రాహాముకి ఇచ్చిన మాటలో ఉంది. ఆదికాండం 12:2. నిన్ను 'గోయ్ గాదోల్' చేస్తాను, పెద్ద జనం చేస్తాను. 'వఅగద్దెలా షెమెఖా', నీ పేరు పెంచుతాను. గొప్ప చేయుదును అని మనకి అలవాటైంది. దీనికి ముందు అధ్యాయంలో ఏముంది? బాబెలు. అక్కడివాళ్ళు ఏమన్నారు? ఒక పట్టణం, ఆకాశాన్ని తాకే ఒక గోపురం కట్టుకుందాం, పేరు సంపాదించుకుందాం. ఆ గోపురానికి హీబ్రూ మాట 'మిగ్దాల్'. ముందు 'మి' తగిలించారు గానీ ధాతువు ఇదే, గ-ద-ల. పెద్దగా లేచినది మిగ్దాల్. పేరు కోసం మిగ్దాల్ కట్టినవాళ్ళ కట్టడం సగంలో ఆగిపోయింది. ఇల్లూ వాకిలీ వదిలి బయల్దేరమన్నవాడికి 'నీ పేరు నేను అగద్దెలా' అని మాట వచ్చింది. పక్కపక్క అధ్యాయాల్లో ఇలా ధాతువు తిరిగి మోగడం చెవితో వింటేనే తెలుస్తుంది. అనువాదంలో ఒకచోట శిఖరమో గోపురమో ఉంటుంది, ఇంకోచోట గొప్ప ఉంటుంది. రెండూ కలవవు.

అన్నట్టు మీలో మగ్దలీన అనే పేరున్నవాళ్ళు ఉన్నారా? మన వైపు చర్చిల్లో ఈ పేరు తక్కువేం కాదు. గలిలయ ఒడ్డున మగ్దల అనే ఊరు, ఆ ఊరి మరియ కాబట్టి మగ్దలేనే మరియ. మగ్దల అంటే హీబ్రూకి చుట్టమైన అరమేయికు భాషలో గోపురం. అంటే మీ పేరులోనూ ఇవాళ్టి ధాతువు ఉంది.

నామవాచకాలు రెండు. ఒకటి గెదుల్లా. బైబిలంతా వెతికితే డజను చోట్ల దాకా వస్తుంది, అంతకన్నా లేదు. 'లా'లో ఒత్తు ఉంది, అది పలకాలి. వెనక ఏదైనా చేరితే చివరి 'ఆ' పోయి 'త' బయటికి వస్తుంది. గెదుల్లాతో, ఆయన పెద్దరికం. గెదుల్లత్ మొర్దొకై, మొర్దెకై పెద్దరికం. ఎస్తేరు 10:2లో ఆ మాట వెంటనే 'అషెర్ గిద్దెలో హమ్మెలెఖ్' అని ఉంది. రాజు పెంచిన మొర్దెకై పెంపు అని తెలుగులో అక్షరాలా అనొచ్చు. గెదుల్లా ఎక్కడున్నా దాని వెనక దాన్ని పెంచినవాడు ఎవరో ఒకడు ఉంటాడు అనడానికి ఈ వచనం కన్నా మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

రెండోది గోదెల్. ఇది కాస్త చిత్రమైన మాట. దీని పాత రూపం 'గుద్ల్'. పలికి చూడండి. నాలుక మెలిక పడుతుంది. చివర రెండు హల్లులు కలిసి వస్తే హీబ్రూవాళ్ళకి పలకడం ఇబ్బంది. మధ్యలో ఒక 'ఎ' దూర్చి గోదెల్ అన్నారు. మనమూ అంతే కదా. ఫిల్మ్ అనలేక ఫిలిం అన్నాం. కానీ 'ఫిల్ములు' అన్నప్పుడు? వెనక అచ్చు దొరికింది, మధ్యలో దూర్చిన 'ఇ' అక్కర్లేదు, పాత రూపం బయటపడింది. అచ్చంగా అలాగే 150వ కీర్తనలో 'గుద్లో' అని ఉంది. 'ఆయన పెద్దతనం' అన్నమాట. గోదెల్‌కి 'ఓ' అనే ప్రత్యయం చేరగానే దూర్చిన 'ఎ' మాయం, దాక్కున్న 'గు' ప్రత్యక్షం. వ్యాకరణ పుస్తకంలో మూడు పేజీల టేబుళ్ళు ఉంటాయి దీనికి. ఫిలిం, ఫిల్ములు గుర్తుపెట్టుకుంటే చాలు.

గోదెల్ మంచికీ వాడతారు, చెడ్డకీ వాడతారు. మోషే పాటలో "హావూ గోదెల్" అంటే మన దేవుడి పెద్దతనాన్ని ఒప్పుకోండి అని. యెషయా పదో అధ్యాయంలో 'గోదెల్ లేవావ్' అంటే పెద్ద గుండె. మనకి పెద్ద మనసు అంటే ఉదారత. హీబ్రూలో పెద్ద గుండె అంటే పొగరు. అష్షూరు రాజుకి ఆ జబ్బు ఉంది. మూడు వచనాల తర్వాత ప్రవక్త అడుగుతాడు: తనని ఆడించేవాడి మీద రంపం గొప్పలు పోతుందా? ఆ 'గొప్పలు పోవడం' కూడా మన ధాతువే, యిత్గద్దెల్. తనని తాను పెంచుకోవడం. ఈ మూసకి హిత్పయేల్ అని పేరు. మనిషి చేస్తే మిడిసిపాటు. దేవుడు తన గురించి చెప్పుకుంటే, యెహెజ్కేలు 38:23లో, అది తన పెద్దతనాన్ని చూపించుకోవడం. యూదులు చనిపోయినవాళ్ళ కోసం చదివే కద్దీష్ ప్రార్థన 'యిత్గద్దల్ వెయిత్కద్దష్' అని మొదలయ్యేది ఆ వచనం గొంతుతోనే. ప్రార్థన చాలావరకు అరమేయికు. ఆ భాషలో పెద్దకి సొంత మాట 'రబ్' ఉంది. రబ్బీలో ఉన్నది అదే. అయినా మొదటి మాటకి మాత్రం హీబ్రూ ధాతువునే పట్టుకున్నారు.

ఇంకో మూస హిఫిల్, అందులో పోస్తే హిగ్దీల్. ఒకడి 'మీద' హిగ్దీల్ చేయడమంటే వాడి ఎదుట తన పెద్దరికం చూపించి అణగదొక్కడం. కీర్తన 35లో 26వ వచనంలో శత్రువులు 'నామీద మగ్దీలీమ్', నామీద పెద్దరికం చేసేవాళ్ళు. 27వ వచనంలో నా మేలు కోరేవాళ్ళు 'యిగ్దల్ యెహోవా' అందురు గాక. పక్కపక్కనే పెట్టాడు. ఇద్దరూ పెద్దరికం గురించే మాట్లాడుతున్నారు.

ముందు వరసలో చెయ్యెత్తారు. చెప్పండమ్మా.

[శ్రోత: అయితే సార్, 'యెహోవా గొప్పవాడు' తీసేసి 'యెహోవా పెద్దవాడు' అని రాయమంటారా? 'యెహోవాను పెంచుడి' అనమంటారా?]

[నవ్వులు] అనను. అంటే మా ఆవిడే మొదట ఒప్పుకోదు. 34వ కీర్తనలో 'గద్దెలూ' అని ఉంది, పియేల్ ఆజ్ఞార్థకం. అక్షరాలా 'పెంచండి'. కానీ ఇక్కడ పియేల్‌కి ఇంకో పని ఉంది. ఉన్న పెద్దతనాన్ని నోటితో ఒప్పుకోవడం, చాటడం. పిల్లాణ్ణి పెంచితే పిల్లాడు మారతాడు. ఇక్కడ మారేది చాటేవాడి నోరు. కాబట్టి "ఘనపరచుడి" అన్నారు. అర్థం చెడలేదు. నా గొణుగుడల్లా 'ఘనం' మీద. ఘనం అంటే గట్టిదనం, బరువు. హీబ్రూలో బరువుకి వేరే ధాతువు ఉంది, దాన్నుంచే 'కావోద్' వస్తుంది. ఘనతని దానికి దాచిపెట్టుకుంటే బాగుండేది. ఇక్కడా అదే వాడేస్తే రెండు ధాతువులు ఒక గదిలో ఇరుకుతాయి.

దావీదు ప్రార్థనలో "మహాత్మ్యము" ఉంది చూడండి, అది నాకు చదవడానికి బాగుంటుంది. ఆ వరసలో వచ్చే పరాక్రమం, తేజస్సు అన్నిటి పక్కన 'పెద్దరికం' అంటే ఊళ్ళో పంచాయితీలా ఉంటుంది. సంస్కృత మాటకి ఆ గాంభీర్యం ఉంది. నేను అడిగేది ఒక్కటే. చదివేటప్పుడు మహాత్మ్యం అని చదవండి, మనసులో ఆ మాట అడుగున పెద్దపిల్ల లేయాని కూడా ఒక మూల కూర్చోబెట్టండి.

145వ కీర్తన అందుకే నాకు ఇష్టం. అది అక్షరమాల కీర్తన, ఒక్కో వచనం ఒక్కో అక్షరంతో మొదలవుతుంది. మూడో వచనం మూడో అక్షరానిది, గీమెల్. గీమెల్‌కి కవి ఏ మాట ఏరుకున్నాడు? గాదోల్. 'గాదోల్ యెహోవా', ఆ తర్వాత 'వెలిగ్దుల్లాతో ఏన్ హేకెర్', ఆయన గెదుల్లాకి లోతు తవ్వి చూడడం ఉండదు. విశేషణంతో మొదలై నామవాచకానికి వెళ్ళాడు. ఆరో వచనంలో ఇంకో చిక్కుముడి. పంక్తిలో రాసి ఉన్నది బహువచనం, 'నీ గెదుల్లాలు'. అంచున మసోరెతులు చదవమన్నది ఏకవచనం, 'నీ గెదుల్లా'. ఒక్క యోద్ అక్షరం తేడా. ఏది సరి? ఆ వెంటనే వచ్చే క్రియ చివర 'దాన్ని' అనే ఏకవచన ప్రత్యయం ఉంది, 'దాన్ని వివరిస్తాను' అని. కాబట్టి అంచున రాసినదే అతుకుతుందని నా ఓటు. అయినా వాళ్ళు పంక్తిలో ఉన్నదాన్ని చెరపలేదు. అలాగే ఉంచి పక్కన రాశారు.

టైమ్ చూసుకోలేదు. యోనా ఒక్కటి చెప్పి ఆపుతాను.

నాలుగు అధ్యాయాల చిన్న పుస్తకం. నీనెవె అనే ఊరు నాశనమవుతుందని చాటడానికి దేవుడు పంపిన ప్రవక్త కథ. అందులో గాదోల్ పద్నాలుగు సార్లు వస్తుంది, ఇంటికి వెళ్ళి లెక్కపెట్టుకోండి. పెద్ద పట్టణం, పెద్ద గాలి, పెద్ద తుఫాను, పెద్ద భయం, పెద్ద చేప. నీనెవెలో గోనెపట్ట కట్టుకున్నది 'పెద్దలు మొదలు పిన్నల దాకా'. ఊరు బతికినందుకు యోనాకి కలిగింది పెద్ద బాధ. తలమీద నీడ ఇచ్చిన సొరచెట్టుని చూసి కలిగింది పెద్ద సంతోషం. పిల్లల కథ చెప్పే ముసలమ్మలా ఇదొక్కటే విశేషణం పట్టుకుని కథంతా నడిపిస్తాడు ఇది రాసినాయన. అనువాదాల్లో ఒకచోట మహా, ఇంకోచోట గొప్ప, ఇంకోచోట మిక్కిలి, ఇంకోచోట బహు అయిపోయి ఆ దరువు వినబడదు.

చివరికి చెట్టు వాడిపోతుంది. యోనా చచ్చిపోతానంటాడు. అప్పుడు దేవుడు అంటాడు, 4:10: ఈ చెట్టు కోసం నువ్వు జాలిపడుతున్నావే, దీనికోసం నువ్వు కష్టపడలేదు, 'వెలో గిద్దల్తో', నువ్వు పెంచలేదు. మన పియేల్. పుస్తకమంతా గాదోల్ గాదోల్ అని విశేషణమే వచ్చి, క్రియ ఇక్కడ ఒక్కసారే వస్తుంది. వెంటనే 11వ వచనం: మరి నేను నీనెవె కోసం, 'హాఈర్ హగ్గెదోలా' కోసం జాలిపడవద్దా? లక్షా ఇరవై వేలమందికి పైగా మనుషులున్న ఊరు, బోలెడు పశువులున్న ఊరు.

నువ్వు పెంచని చెట్టు. పెద్ద ఊరు. మరి ఊరిని పెంచింది ఎవరు? ఆ మాట ఆయన అనలేదు. అనకుండానే వినబడేలా ధాతువుని పక్కన పెట్టాడు. ఇంగ్లిషులో ఇది చేయాలంటే తల కిందులుగా తపస్సు చేయాలి. తెలుగులో 'పెంచని' పక్కన 'పెద్ద' పెడితే అయిపోయింది. మన పాత బైబిల్లో మొదటిచోట 'పెంచకుండను' అనే ఉంది, చక్కగా. రెండోచోటికి వచ్చేసరికి ఊరు 'మహా' అయిపోయింది. ఒక్క మాటలో తప్పింది.

వచ్చే ఆదివారం కావోద్. బరువు, కాలేయం, ఘనత, మూడూ ఆ ధాతువులోవే. యోనా నాలుగో అధ్యాయం చుక్కలు లేని కాగితం మీద రాసి తెచ్చాను, వెళ్తూ తలా ఒకటి తీసుకోండి. అందులో మన ధాతువు ఎన్నిచోట్ల ఉందో గుండ్రం చుట్టి తీసుకురండి. ఎవరైనా ఆ ఫ్యాను వేయండి బాబూ.